పిల్లలను ఇంట్లో ఉంచి దీవులకు వెళ్ళిన వేళ

హైదరాబాదుకు తూర్పు వాకిలి ఎల్.బి. నగర్. విజయవాడ వైపు, నల్లగొండ వైపు, నాగార్జునసాగర్ వైపు వెళ్ళే బస్సులన్నీ ఈ చౌరస్తాలో ఆగి జనాన్ని ఎక్కించుకుంటాయి. సంచులు, బియ్యం మూటలు, పచ్చడి జాడీలు, నిద్రపోతున్న పిల్లలు, వీడ్కోలు చెప్పే పెద్దలు ఇక్కడ రాత్రింబవళ్ళు కనిపిస్తూనే ఉంటారు. ఒకప్పుడు విడిగా మున్సిపాలిటీగా ఉండి, 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసిన ఈ ఊరు, పల్లె నుండి వచ్చిన వారికి పట్నంలో మొదటి మజిలీ. ఇక్కడి నుండి మూడు మెట్రో స్టేషన్లు దాటితే దిల్‌సుఖ్‌నగర్. ఒకనాడు దిల్‌సుఖ్ రాం పర్షాద్ అనే జాగీరుదారు పొలాలుగా ఉన్న ఆ నేల ఇప్పుడు కోచింగ్ సెంటర్లు, పుస్తకాల దుకాణాలు, హాస్టళ్ళతో కిటకిటలాడుతోంది. మన పాఠకులలో ఎంతోమంది తమ పిల్లలను ఈ రెండు చోట్లలో ఏదో ఒకచోట దించి, కళ్ళు తుడుచుకొని తిరుగు బస్సు ఎక్కినవారే.

ఈ పేటలోనే కాపురముంటున్న మేమిద్దరం కిందటి ఫిబ్రవరిలో మా పిల్లలను ఇంట్లో ఉంచి, ఐదు రోజులు అండమాన్ దీవులకు వెళ్ళివచ్చాము. చూసినవాటితో పాటు అక్కడ మా మనసులకు కలిగిన ఆలోచనలను కూడా పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

వెళ్ళడమా, మానడమా?

మా పెళ్ళయి పదేళ్ళయింది. బాబుకు ఏడేళ్ళు, పాపకు నాలుగేళ్ళు. చీటీ డబ్బు చేతికి వచ్చినప్పుడు, ఈసారి ఇంటి సామానుకు పెట్టకుండా ఇద్దరం ఒక ప్రయాణం చేద్దామనుకున్నాము. ఈ మాట బయటికి రాగానే చుట్టాలలో కొందరు ముక్కున వేలేసుకున్నారు. "పసిపిల్లల్ని వదిలిపెట్టి సముద్రం దాటి పోతారా? కన్నవాళ్ళు చేసే పనేనా?" అన్నారు. మన ఇళ్ళలో భార్యాభర్తలు ఇద్దరే కలిసి వెళ్ళేది ఆస్పత్రికి, లేకపోతే చావు పరామర్శకు. వేడుకగా వెళ్ళడమంటే ఏదో తప్పు చేస్తున్నట్లే చూస్తారు.

మాకు ధైర్యం చెప్పింది నల్లగొండ నుండి వచ్చి మాతో ఉంటున్న పిల్లల నానమ్మ. "పదేండ్ల సంది మీ ఇద్దరు ఒక్క పూటన్న కలిసి కూసొని నిమ్మలంగ బువ్వ తిన్నది సూడలే. పోయి రాండ్రి. పిల్లలు నా కాడ్నే ఉంటరు గద, అడివిల ఉంటరా?" అన్నది. ఆ ఒక్క మాటతో ప్రయాణం ఖాయమైంది.

పిల్లలకు చెప్పకుండా, వాళ్ళు నిద్రలో ఉండగా వెళ్ళిపొమ్మని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. మేము దానికి ఒప్పుకోలేదు. గోడకున్న క్యాలెండరు మీద ఐదు తేదీల చుట్టూ సున్నాలు చుట్టి, రోజుకొకటి కొట్టేస్తూ రమ్మని, ఐదోది కొట్టేసిన రాత్రి మేము ఇంట్లో ఉంటామని చెప్పాము. బాబు ఎండ్రికాయను పట్టుకురమ్మన్నాడు. పాప ఏమీ అడగలేదు. "ఆడ గూడ రాత్రి అయితదా?" అని మాత్రం అడిగింది. అవుతుందని చెప్పాము.

సముద్రానికి ఆవలి తెలుగువారు

శంషాబాదు నుండి విమానంలో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. బంగాళాఖాతం మీద ఎంతసేపు చూసినా నీలమే. చివరకు ఆ నీలంలో పచ్చని ముద్దలు తేలాయి. అండమాన్ నికోబార్‌లో ఐదు వందలకు పైగా దీవులున్నా, మనుషులు నివసించేవి నలభైలోపే. రాజధాని పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024లో శ్రీవిజయపురం అని మార్చారు గాని, ఆటోవారి నోట మేము విన్నది ఇంకా పాత పేరే.

అక్కడ దిగినవారికి మొదట తెలిసే వింత పొద్దు సంగతి. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మన కంటే దాదాపు గంట ముందు నడుస్తాడు. ఆ దీవులు అంత తూర్పున ఉన్నాయి. సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకింది. అదే సమయానికి ఇంటికి ఫోను చేస్తే పిల్లలు ఇంకా ఎండలో ఆడుకుంటున్నారు. "ఇక్కడ రాత్రి అయింది తల్లీ" అంటే పాప నమ్మలేదు. ఫోనును కిటికీ దగ్గర పెట్టి చీకటి చూపించిన తర్వాతే నమ్మింది.

ఇలా ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకోవడం ఆ దీవులలో ఎంతో కాలంగా ఉన్న సౌకర్యం కాదు. 2020 ఆగస్టు వరకు అక్కడి ఫోన్లు, ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదనే ఆధారపడేవి. ఆ నెల 10వ తేదీన చెన్నై నుండి సముద్రం అడుగున వేసిన దాదాపు 2300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైంది. సముద్రగర్భంలో పరచిన ఆ తీగ మీదుగానే మా పాప ముఖం మాకు కనిపించింది.

మరొక ఆశ్చర్యం తెలుగు. బజారులో ఏ మూలకు వెళ్ళినా మన మాట వినపడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో ఉన్న 3 లక్షల 80 వేల మందిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి చేపల వేటకు, కూలి పనులకు, ప్రభుత్వ ఉద్యోగాలకు ఓడలెక్కి వెళ్ళినవారి సంతతి వీరిలో ఎక్కువ. విశాఖకు, పోర్ట్‌బ్లెయిర్‌కు మధ్య సముద్రంలో దూరం సుమారు 1200 కిలోమీటర్లు. ఓడలో రెండు మూడు రోజులు పడుతుంది. సముద్రం కోపంగా ఉంటే అంతకన్నా ఆలస్యమే.

గోడల వెనుక తండ్రులు

మొదటి రోజే సెల్యులర్ జైలు చూశాము. 1896లో మొదలుపెట్టి 1906 నాటికి కట్టిన కారాగారమిది. బండిచక్రపు ఆకులవలె నడిమి బురుజు చుట్టూ ఏడు భవనాలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. దాదాపు 700 గదులు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క ఖైదీ. కిటికీ తలకు ఎంతో ఎత్తున ఉంటుంది. ఒక భవనం ముందు భాగం పక్క భవనం వీపును చూసేలా కట్టారు, ఖైదీలు ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదని.

మన తెలుగు నేలకు, ఈ దీవులకు పాత బంధం ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుండి కోఠీకి బస్సులో వెళ్ళేవారికి మహిళా విశ్వవిద్యాలయం తెలుసు. ఆ ఆవరణలోని పాత రెసిడెన్సీ భవనం మీద 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనంతో కలిసి దాడి చేశారు. మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన మళ్ళీ హైదరాబాదు చూడలేదు, ఆ దీవులలోనే కన్నుమూశారు. అప్పటికి ఈ జైలు ఇంకా కట్టలేదు, దీవులే జైలు. తర్వాతి కాలంలో మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ఈ జైలులో ఉన్న రాజకీయ ఖైదీలలో కొందరికి ఇంటికి ఉత్తరం రాసే అవకాశం ఏడాదికి ఒక్కసారే దొరికేది. ఒక గదిలోకి వెళ్ళి గోడకు ఆనుకొని నిలబడ్డాము. ఎన్నో ఏళ్ళ క్రితం ఇక్కడ నిలబడ్డ ఒక తండ్రికి ఇంటి దగ్గర పసిబిడ్డ ఉంటే, ఆ బిడ్డ నడక నేర్చిన సంగతి ఆయనకు ఎప్పుడు తెలిసి ఉంటుంది? ఉదయం నుండి మూడుసార్లు ఇంటికి ఫోను చేసిన మాకు ఆ గదిలో నోట మాట రాలేదు.

నిద్ర పట్టని రాత్రి

రెండవ రోజు పడవలో హేవ్‌లాక్ దీవికి వెళ్ళాము. 2018లో దీనికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. అక్కడి రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమమైన తీరమని మెచ్చుకుంది. ఒడ్డు దాకా పెద్ద పెద్ద చెట్ల అడవి, తరువాత పిండి వంటి తెల్లని ఇసుక, ఆ పైన ఎన్ని రంగులో చెప్పలేని నీరు. ఆ తీరం పడమటి ముఖంగా ఉంటుంది. పొద్దు సముద్రంలోకి దిగుతుంటే, ఆ దిక్కునే మన దేశం, మన ఊరు, మన ఇల్లు ఉన్నాయని తెలిసి, అందరూ ఫోటోలు తీసుకుంటుంటే మేము ఊరక చూస్తూ నిలబడ్డాము. ఇసుకలో గోరంత ఎండ్రికాయలు పరుగులు తీస్తున్నాయి. బాబు ఉంటే ఒక్కదానిని కూడా వదిలేవాడు కాదు.

ఆ రాత్రి తొమ్మిది గంటలకు ఫోను వచ్చింది. పాపకు జ్వరం, నూటరెండు డిగ్రీలు. పక్కింటివారు తమ బండి మీద డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి మందు ఇప్పించారు. నానమ్మ తడిగుడ్డ వేస్తూ కూర్చున్నది. "మీరు పరేషాన్ గాకుండ్రి, పొద్దుగాల చెప్త" అన్నది. వెనుక నుండి "అమ్మా" అని ఒక్క పిలుపు వినపడింది. అంతలో లైను తెగిపోయింది.

కన్నవారికి ఆ తర్వాతి గంటలు ఎలా గడుస్తాయో చెప్పనక్కరలేదు. రాత్రివేళ దీవి నుండి పడవ లేదు. జేబులో డబ్బున్నా, ఒంట్లో బలమున్నా, తెల్లవారే వరకు చేయగలిగింది లేదు. మాలో ఒకరు ఉదయం మొదటి పడవకే బయలుదేరి దొరికిన విమానం ఎక్కుదామన్నారు. రెండవవారు, "మనం ఇంటికి చేరేసరికి రేపు రాత్రి అవుతుంది, అప్పటికి జ్వరం ఉంటుందో లేదో, తెల్లవారనిద్దాం" అన్నారు. చుట్టాలు అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. చీకటిలో ప్రార్థన చేసుకొని, అలల చప్పుడు వింటూ కూర్చున్నాము. పిల్లలు పుట్టిన తర్వాత మా ఇద్దరమే అంతసేపు ఒకచోట కూర్చోవడం అదే మొదటిసారి. వాళ్ళు పుట్టినప్పటి సంగతులు, ఇల్లు గడవని నెలలు, ఒకరితో ఒకరం చెప్పుకోకుండా దాచుకున్న భయాలు అన్నీ ఆ రాత్రి మాటల్లోకి వచ్చాయి. ఆ మాటలకు మా ఇంట్లో ఎన్నడూ తీరిక దొరకలేదు.

ఉదయం ఐదున్నరకు ఇక్కడ వెలుగు వస్తుంటే ఎల్.బి. నగర్‌లో ఇంకా చీకటే. అయినా ఆగలేక ఫోను చేశాము. జ్వరం తొంభై తొమ్మిదికి దిగింది. ఎనిమిది గంటలకు పాప ఇడ్లీ తిన్నది. మాతో మాట్లాడుతూ తన జ్వరం సంగతి ఎత్తలేదు. రెండు సున్నాలు కొట్టేశానని, ఇంకా మూడున్నాయని చెప్పింది. అనుకున్న ప్రకారమే ప్రయాణం సాగిద్దామని నిర్ణయించుకున్నాము.

టిఫిను కొట్టు అమ్మ

నాలుగవ రోజు ఉదయం రాస్ దీవి చూశాము. 1858 నుండి 1941 వరకు తెల్లదొరలు ఇక్కడి నుండే పాలించారు. ఆ రాజసమంతా ఇప్పుడు మర్రి ఊడల మధ్య మొండి గోడలే. పైకప్పు లేని పాత చర్చి గోడలు, దొరల నాట్యశాల పునాదులు, వాటి మధ్య మనుషులను చూసి బెదరని చుక్కల జింకలు. మా వనస్థలిపురం హరిణ వనస్థలిలో కృష్ణజింకలను చూసిన పిల్లలకు ఈ జింకల సంగతి చెప్పవచ్చుననుకున్నాము.

పోర్ట్‌బ్లెయిర్‌కు తిరిగివచ్చి, తెలుగు మాట వినపడిన చిన్న టిఫిను కొట్టులోకి వెళ్ళాము. ఆ కొట్టు నడిపే ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఆమె తాతగారు శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు ఊరి నుండి వచ్చారట. తాను పుట్టింది, తెలుగు బడిలో చదివింది ఇక్కడే. "ఎక్కడ్నుంచి వచ్చారమ్మా?" అని అడిగింది. హైదరాబాదు అన్నాము. "హైదరాబాదులో ఎక్కడ బాబూ?" ఎల్.బి. నగర్ అన్నాము. చేతిలోని గరిటె పక్కన పెట్టింది.

"దిల్‌సుఖ్‌నగర్ మీకు దగ్గరేనా?"

ఆమె కూతురు దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి, బ్యాంకు ఉద్యోగాల పరీక్షలకు కోచింగ్ తీసుకుంటోంది. పిల్ల వెళ్ళి పధ్నాలుగు నెలలయింది. విమానం ఖర్చు భరించలేక మధ్యలో ఒక్కసారి కూడా రాలేదు. తల్లి దిల్‌సుఖ్‌నగర్ ఎన్నడూ చూడలేదు. ఆమె ప్రశ్నలకు అంతులేదు. అక్కడ నీళ్ళు మంచివేనా, రాత్రిళ్ళు వీధిలో దీపాలుంటాయా, కోచింగ్ సెంటరుకు, హాస్టలుకు మధ్య పెద్ద రోడ్డు దాటాలా అని అడిగింది. 2013 ఫిబ్రవరిలో అక్కడ బాంబులు పేలిన సంగతి ఆమెకు ఎవరో చెప్పారు, దాని గురించి కూడా భయంభయంగా అడిగింది. "ఫోనులో బాగున్నానంటాది. బాగున్నాదో లేదో నాకెలా తెలుస్తాది బాబూ? బక్కగా అయిపోనాదేమో" అన్నది.

నాలుగు రాత్రుల ఎడబాటుకే మేము ఎంతో త్యాగం చేసినట్లు కుమిలిపోయాము. ఆ తల్లికి నాలుగు వందల రాత్రులు దాటాయి. ఆమె విహారానికి వెళ్ళలేదు, పొయ్యి దగ్గర నిలబడి ఫీజు కడుతోంది. డబ్బు తీసుకోనన్నది, బలవంతంగా ఇచ్చి వచ్చాము. మరునాడు విమానానికి ముందు మా బసకు వచ్చి, కొబ్బరి ఉండల డబ్బా, రొయ్యల పచ్చడి సీసా మా చేతిలో పెట్టి, "పిల్ల తిన్నాక ఒక్క ఫోను చెయ్యండి" అన్నది.

మళ్ళీ మన వీధిలో

ఐదవ రాత్రి ఇంటి గుమ్మంలో పిల్లలిద్దరూ నిద్ర ఆపుకొని నిలబడి ఉన్నారు. క్యాలెండరు మీద ఐదో సున్నా కొట్టడానికి పెన్సిలు పాప చేతిలో ఉంది. తీరం మీది గవ్వలు, పగడపు ముక్కలు ఏరి తేవడం చట్టరీత్యా నేరం కనుక, ప్రభుత్వ దుకాణం సాగరికలో రసీదుతో కొన్న గవ్వల బొమ్మలే తెచ్చాము. ఎండ్రికాయ రానందుకు బాబు కొంతసేపు అలిగాడు.

ఆ ఆదివారం సాయంత్రం డబ్బా, సీసా తీసుకొని, పిల్లలను వెంటబెట్టుకొని మెట్రో ఎక్కాము. 2018 సెప్టెంబరు నుండి నడుస్తున్న ఈ రైలులో ఎల్.బి. నగర్ తర్వాతి స్టేషను పేరు విక్టోరియా మెమోరియల్. 1901లో చనిపోయిన విక్టోరియా రాణి జ్ఞాపకార్థం ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ హయాంలో సరూర్‌నగర్‌లో వెలసిన అనాథ బాలల గృహం పేరది. ఇన్నేళ్ళుగా ఆ పేరు మైకులో వింటూ దాటిపోయేవాళ్ళం. ఆ రోజు బాబు అడిగితే, అమ్మానాన్నలు లేని పిల్లల కోసం వంద ఏళ్ళకు పైగా ఉన్న ఇల్లని చెప్పాము. వాడు కిటికీలోంచి చాలాసేపు చూశాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి సందులోకి మళ్ళితే ప్రతి మేడ మీద హాస్టలు బోర్డే. బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు, మెట్ల మీద పుస్తకాలతో పిల్లలు, ఫోనులో ఊరివారితో మాట్లాడుతూ గోడకు తిరిగి నిలబడ్డ ఒకరిద్దరు. ఆ అమ్మాయి కిందికి వచ్చింది. బక్కగా లేదు, బాగానే ఉంది. డబ్బా మూత తీసి వాసన చూసి, మాటలు ఆపి, కాసేపు తల వంచుకుంది. తరువాత మా పాపకు ఒక కొబ్బరి ఉండ పెట్టింది. అక్కడి నుండే పోర్ట్‌బ్లెయిర్‌కు ఫోను చేసి, తల్లికి కూతురిని, కూతురికి తల్లిని చూపించాము. నెలకొక ఆదివారం మా ఇంటికి భోజనానికి రావాలని మాట తీసుకున్నాము. ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. నానమ్మకు రొయ్యల పచ్చడి రుచి కూడా పట్టుబడింది.

తల్లిదండ్రులకు, ఇరుగుపొరుగుకు

పాఠకులారా, పిల్లలను పెద్దల దగ్గర ఉంచి భార్యాభర్తలు నాలుగు రోజులు కలిసి వెళ్ళడం పిల్లలకు చేసే అన్యాయమేమీ కాదని మా అనుభవం మీద చెప్పగలము. అండమాన్‌కే వెళ్ళనక్కరలేదు. సాగర్ ఆనకట్ట దగ్గర ఒక్క పగలైనా చాలు. అయితే కొన్ని ఏర్పాట్లు తప్పనిసరి. పిల్లలకు నిజం చెప్పి, ఎన్ని రోజులో లెక్క చూపించి వెళ్ళాలి. వారికి పడే మందులు, డాక్టరు చిరునామా, కొంత రొక్కం ఇంట్లో ఉన్నవారి చేతికి ఇవ్వాలి. పక్కింటివారికి ముందే చెప్పాలి. మా పాపను ఆ రాత్రి డాక్టరు దగ్గరకు చేర్చింది వారే గదా! ఫోను చేసే వేళ ఒకటి నిర్ణయించుకోవాలి.

ఇక పల్లెల నుండి పిల్లలను ఈ పట్నంలో హాస్టళ్ళలో ఉంచినవారికి ఒక మాట. ఇక్కడ మీకు తెలిసినవారు ఒక్కరున్నా, వారి ఇంటి అడ్రసు మీ బిడ్డకు ఇవ్వండి, మీ బిడ్డ హాస్టలు పేరు వారికి ఇవ్వండి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి. నగర్‌లలో కాపురముంటున్న మా వంటివారికి మరొక మాట. మన వీధి చివరి మేడ మీద ఎవరి బిడ్డలో ఉన్నారు. వాళ్ళ అమ్మ ఏ ఊళ్ళోనో, ఏ దీవిలోనో, "తిన్నాదో లేదో" అనుకుంటూ ఉంటుంది. ఆదివారం ఇంకొక గిద్దెడు బియ్యం ఎక్కువ పోసి, ఆ బిడ్డను పిలవండి.